క్రూయిజర్ బైక్‌కి స్టేజ్ 1 కిట్: ఎంచుకోవడం, బిగించడం, ఫలితం చూసుకోవడం

క్రూయిజర్ కొన్న కొన్నాళ్లకే చాలామందికి ఇవే సందేహాలు వస్తాయి. కంపెనీ అమ్మే పెర్ఫార్మెన్స్ కిట్ వేయిస్తే నిజంగా తేడా తెలుస్తుందా? సైలెన్సర్ ఒక్కటి మారిస్తే చాలదా? ఇంట్లో మనమే బిగించుకోవచ్చా? వారంటీ ఏమవుతుంది? ఇవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి పని మొత్తం వరసగా ఇక్కడ ఇస్తున్నాం.

ముందే ఒక మాట. స్టేజ్ 1లో మారే ఎయిర్ క్లీనర్, సైలెన్సర్, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) మ్యాప్ (ఎంత పెట్రోలు పోయాలో చెప్పే లెక్కల పట్టిక) అనేవి మూడు వేర్వేరు పనులు కావు. మూడూ కలిస్తేనే ఒక పని. ఒకటి చేసి రెండు వదిలేసినవాళ్లే ఎక్కువగా "డబ్బు దండగ" అంటారు.

మీకు అసలు ఏం కావాలి?

కిట్ కొనే ముందు మీ ఫిర్యాదు ఏమిటో ఒక్క వాక్యంలో రాసుకోండి. దాన్నిబట్టే ఎంత దూరం వెళ్లాలో తేలుతుంది.

"టాప్ గేర్‌లో, వెనక మనిషి, సామాను ఉన్నప్పుడు ఓవర్‌టేక్ చేయబోతే బండి నెమ్మదిగా అందుకుంటోంది." క్రూయిజర్ వాడేవాళ్లలో ఎక్కువమంది బాధ ఇదే. వీళ్లకు కావాల్సింది హార్స్‌పవర్ కాదు, 2,000 నుంచి 3,500 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) మధ్య టార్క్ (లాగే బలం). స్టేజ్ 1తో కొంత దొరుకుతుంది. ఇంకా కావాలంటే స్టేజ్ 2లో టార్క్ క్యామ్ (క్యామ్ అంటే వాల్వులను తెరిచే కడ్డీ) వేసుకోవాలి.

"శబ్దం మరీ సన్నగా ఉంది." అలాగైతే కంపెనీవాళ్లదే స్లిప్-ఆన్ సైలెన్సర్ (పాత పైపుకే చివర తగిలించేది) చాలు. రోడ్డుకు అనుమతి ఉన్న స్లిప్-ఆన్‌లలో కొన్నింటికి మ్యాప్ మార్చే పనే ఉండదు. ఆ సంగతి కిట్‌తో వచ్చే కాగితంలో రాసి ఉంటుంది.

"తక్కువ స్పీడులో కుదుపు కుదుపుగా పోతోంది." కిట్ మాట తర్వాత. ముందు బెల్ట్ లేదా చైన్ వదులు, క్లచ్ ఫ్రీ ప్లే, థ్రాటిల్ ఫ్రీ ప్లే, టైర్ గాలి చూడండి. చాలా బళ్లలో కుదుపు అక్కడే తీరిపోతుంది. తీరకపోతే అప్పుడు మ్యాప్ సంగతి చూడాలి.

"కాళ్లకు వేడి కొడుతోంది." ఇందులో కొంత భాగం ఫ్యాక్టరీ మ్యాప్‌లో పెట్రోలు పలచగా (గాలితో పోలిస్తే తక్కువగా) ఉండటం వల్ల వస్తుంది, కొంత క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలో కాలుష్యం తగ్గించే భాగం) ఉన్న చోటు వల్ల వస్తుంది. స్టేజ్ 1 మొదటిదాన్ని కాస్త తగ్గిస్తుంది. రెండోది అలాగే ఉంటుంది. వేడి తగ్గుతుందన్న ఆశ ఒక్కదానితోనే కిట్ కొనొద్దు.

స్టేజ్‌లు, క్లుప్తంగా

హార్లే-డేవిడ్సన్ స్క్రీమిన్ ఈగల్ పేరుతో అమ్మే వరసనే ఎక్కువమంది కొలమానంగా వాడతారు. స్టేజ్ 1 అంటే గాలి ఎక్కువ తీసుకునే ఎయిర్ క్లీనర్, సైలెన్సర్, దానికి తగ్గ ఈసీయూ క్యాలిబ్రేషన్, అంటే మ్యాప్. స్టేజ్ 2లో వీటికి క్యామ్ తోడవుతుంది. స్టేజ్ 3లో పెద్ద బోర్ (లోపలి వెడల్పు) సిలిండర్లు, పిస్టన్లు వస్తాయి. హార్లే మిల్వాకీ-ఎయిట్ ఇంజిన్ వరసలో 107 క్యూబిక్ అంగుళాల ఇంజిన్‌ని 114కి, 114ని 117కి పెంచేది ఇక్కడే. స్టేజ్ 4లో హెడ్లు, థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే ద్వారం), ఇంజెక్టర్లు కూడా మారతాయి. ఇండియన్ మోటార్‌సైకిల్ కూడా దాదాపు ఇదే మెట్ల వరస పెట్టింది. థండర్ స్ట్రోక్ 111 ఇంజిన్‌ని బిగ్ బోర్ కిట్‌తో 116కి తీసుకెళ్లేది వాళ్ల స్టేజ్ 3.

ఇంట్లో పనిముట్లు పట్టడం తెలిసినవాళ్లు స్టేజ్ 1 ఒక రోజులో చేసుకోవచ్చు. స్టేజ్ 2 నుంచి ఇంజిన్ విప్పాలి. సర్వీస్ మాన్యువల్ చదివి పని చేసే అలవాటు లేకపోతే ఆ మెట్టు దగ్గర ఆగడం మంచిది.

కావలసినవి

- మీ మోడల్‌కు, మీ సంవత్సరానికి సరిపోయే ఎయిర్ క్లీనర్ కిట్. బ్యాక్‌ప్లేట్, సీల్ రింగు, బ్రీదర్ బోల్టులు, ఓ-రింగులు అన్నీ ఉన్నాయో లేదో పెట్టె తెరవగానే లెక్క చూసుకోండి.
- స్లిప్-ఆన్ సైలెన్సర్లు లేదా పూర్తి ఎగ్జాస్ట్ సిస్టమ్. బెండ్ పైపులు (ఇంజిన్ హెడ్ నుంచి సైలెన్సర్ దాకా వచ్చేవి) విప్పుతున్నట్లయితే హెడ్ దగ్గర వేసే కొత్త గాస్కెట్లు తప్పనిసరి, సిలిండర్‌కు ఒకటి.
- ఈసీయూ ట్యూనర్ (మ్యాప్ మార్చే పరికరం), లేదా డీలర్ దగ్గర ఫ్లాష్ చేయించుకోవడానికి (కొత్త మ్యాప్ ఎక్కించుకోవడానికి) అపాయింట్‌మెంట్.
- టార్క్ రెంచ్‌లు రెండు: చిన్న స్క్రూలకు 5–25 న్యూటన్ మీటర్లు చూపించేది, పెద్ద బోల్టులకు 20–100 న్యూటన్ మీటర్లు చూపించేది. పెద్ద రెంచ్‌తో చిన్న స్క్రూ బిగిస్తే క్లిక్ వినపడేలోపే మర పోతుంది.
- నీలం రంగు థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులు కాకుండా మరకు వేసే జిగురు). ఎర్రది వద్దు, మళ్లీ విప్పేటప్పుడు స్క్రూ విరుగుతుంది.
- ఓ2 సెన్సర్ (ఎగ్జాస్ట్‌లో ఆక్సిజన్ కొలిచేది) సాకెట్, యాంటీ-సీజ్ పేస్ట్ (మర పట్టేయకుండా రాసేది), అలెన్, టార్క్స్ బిట్లు, తుప్పు వదిలించే స్ప్రే.
- బ్యాటరీ ఛార్జర్, మల్టీమీటర్.
- శుభ్రమైన నూలు గుడ్డలు, పైపులు తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్.
- మీ మోడల్ సర్వీస్ మాన్యువల్. బోల్టుల టార్క్ అంకెలు ఏడాదికీ మోడల్‌కీ మారతాయి, అందుకే ఇక్కడ ఇవ్వడం లేదు. వీడియోల్లో చెప్పిన అంకె మీద ఆధారపడొద్దు.

కొనే ముందు రెండు హెచ్చరికలు

మొదటిది చట్టం. భాగం మీద "రోడ్డు వాడకానికి అనుమతి ఉంది" అనో "రేసింగ్‌కు మాత్రమే" అనో ఉంటుంది. కంపెనీ పేరుతో అమ్ముడైనంత మాత్రాన రోడ్డు మీద చెల్లుతుందనుకోవద్దు. 2016లో అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏతో జరిగిన ఒప్పందంలో, కాలుష్యం పెంచే ట్యూనర్లు అమ్మినందుకు హార్లే-డేవిడ్సన్ 1.2 కోట్ల డాలర్ల జరిమానాకు ఒప్పుకుని, ఆ ట్యూనర్ల అమ్మకం ఆపేసింది. అందుకే పాత ట్యూనర్‌లో ఉన్న స్వేచ్ఛ కొత్త ఫ్యాక్టరీ ట్యూనర్లలో కనపడదు. క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేయడం, శబ్ద పరిమితి దాటడం చాలా దేశాల్లో నేరం. క్యాట్ బెండ్ పైపులోనే ఉండే బళ్లకు స్లిప్-ఆన్ వేస్తే క్యాట్ జోలికి పోనక్కర్లేదు, ఇది దానికున్న పెద్ద సౌకర్యం.

రెండోది వారంటీ. రోడ్డు అనుమతి ఉన్న కిట్‌ను డీలర్ దగ్గర బిగిస్తే వారంటీ కొనసాగుతుందా అని అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి. నోటిమాట చాలదు. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా మార్పు సంగతి చెప్పండి. చెప్పకపోతే క్లెయిమ్ వేళ వాళ్లు చేతులెత్తేయవచ్చు.

పని వరస

1. ముందు ఇప్పటి లెక్క రాసుకోండి.

ఎక్కువమంది వదిలేసే అడుగు ఇదే. మార్పుకు ముందు కొలవకపోతే తర్వాత మిగిలేది ఊహ మాత్రమే. శబ్దం పెరిగిన బండి వేగంగా వెళ్తున్నట్టే అనిపిస్తుంది, చెవి మాట నమ్మొద్దు.

డైనో (బండి పవర్, టార్క్ కొలిచే యంత్రం) అందుబాటులో ఉంటే మూడు పరుగులు తీయించి గ్రాఫ్ దాచుకోండి. లేదంటే ఖాళీగా, తిన్నగా, సమతలంగా ఉన్న చోట టాప్ గేర్‌లో 80 నుంచి 110 కిలోమీటర్ల వేగానికి ఎన్ని సెకన్లు పడుతుందో జీపీఎస్ రికార్డు చేసే లాగర్‌తో తీసుకోండి. గాలి ప్రభావం తేలిపోవాలంటే రెండు దిక్కుల్లోనూ మూడేసి సార్లు చేసి సగటు తీయాలి. టైర్ గాలి, పెట్రోలు రకం, ట్యాంకులో పెట్రోలు, నడిపే మనిషి రెండుసార్లూ ఒకేలా ఉండాలి. మైలేజీ కూడా రాసి పెట్టుకోండి.

ఈ అడుగులోనే బండి ఆరోగ్యం కూడా చూడండి. పాత ఫాల్ట్ కోడ్‌లు, ఆయిల్ లీకు, అరిగిన ప్లగ్గులు ఉంటే అవి ముందు సరిచేయాలి. జబ్బు ఉన్న ఇంజిన్‌కి కిట్ వేస్తే ఏ తప్పు పాతదో, ఏది కొత్తదో ఎవరూ తేల్చలేరు.

2. బండిని సిద్ధం చేయండి.

ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. చేత్తో పట్టుకోగలిగితే చాలదు, రాత్రంతా వదిలేస్తే మేలు. బండిని నిటారుగా, కదలకుండా లిఫ్ట్ మీదో గట్టి స్టాండ్ మీదో కట్టండి. సైడ్ స్టాండ్ మీద వంగి ఉన్న బండికి పైపుల వరస కుదరదు.

అలారం ఉన్న బళ్లలో కీ ఫాబ్ దగ్గర పెట్టుకుని మెయిన్ ఫ్యూజ్ తీయండి, లేదంటే సైరన్ మోగుతుంది. మెయిన్ ఫ్యూజ్ లేని బండి అయితే బ్యాటరీ నెగటివ్ తీగ ముందు విప్పండి, పాజిటివ్ తర్వాత.

ఏ బోల్టు ఎక్కడిదో గుర్తుండటానికి అట్టముక్క మీద బొమ్మ గీసి, బోల్టులను అదే చోట గుచ్చండి. విప్పే ముందు నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీసుకోండి.

3. పాత ఎగ్జాస్ట్ విప్పండి.

హీట్ షీల్డ్ క్లాంపులు, సైలెన్సర్ క్లాంపు, బ్రాకెట్ బోల్టులు ఈ వరసలో వదులు చేయండి. కీలు దగ్గర సైలెన్సర్ పట్టేసి ఉంటే సుత్తితో కొట్టొద్దు. తుప్పు స్ప్రే వేసి పావుగంట ఆగి, మెలితిప్పుతూ వెనక్కి లాగండి.

పూర్తి సిస్టమ్ మారుస్తుంటే ముందు ఓ2 సెన్సర్ల తీగ కనెక్టర్లు విప్పాలి. తీగను మెలిపెట్టి సెన్సర్ తిప్పితే లోపల తెగుతుంది, బయటికి బాగానే కనపడుతుంది. ముందు సిలిండర్‌దీ వెనక సిలిండర్‌దీ కలిసిపోకుండా టేపు అంటించి గుర్తు పెట్టండి. అవి తారుమారైతే ఒక సిలిండర్ సమాచారం చూసి ఈసీయూ ఇంకో సిలిండర్‌కు పెట్రోలు పెంచుతుంది, తగ్గిస్తుంది. ఒకటి పొగ కక్కుతుంది, ఇంకోటి వేడెక్కుతుంది. కారణం పట్టుకోవడానికి వారాలు పోతాయి.

హెడ్ దగ్గర నట్లు తిరగకపోతే బలవంతం చేయొద్దు. స్టడ్ విరిగితే ఒక రోజు పని వారం పని అవుతుంది. స్ప్రే, కొద్దిగా వేడి, కొంచెం ముందుకు కొంచెం వెనక్కి, అంతే.

4. కొత్త ఎగ్జాస్ట్ పెట్టండి.

హెడ్ పోర్టులో పాత గాస్కెట్ పూర్తిగా తీసి శుభ్రం చేయండి. కొత్త గాస్కెట్ ఏ వైపు లోపలికి ఉండాలో చూడండి. ఏటవాలుగా ఉన్న రకానికి దిశ ఉంటుంది, తిరగేస్తే లీకు ఖాయం.

ఓ2 సెన్సర్ మరకు యాంటీ-సీజ్ పలచగా రాయండి, కొసకు మాత్రం అంటకూడదు. కొత్త సెన్సర్‌కు సాధారణంగా ఫ్యాక్టరీలోనే పూసి ఉంటుంది.

ఇప్పుడు ముఖ్యమైన నియమం: ముందు అన్ని బోల్టులూ వేళ్లతో వదులుగా పట్టించండి. పైపులు, సైలెన్సర్లు, బ్రాకెట్లు అన్నీ వాటి చోట తేలిగ్గా కూర్చున్నాయని చూసి, అప్పుడు హెడ్ వైపు నుంచి మొదలుపెట్టి వెనక్కి బిగించుకుంటూ రండి. వెనక బ్రాకెట్ ముందు బిగిస్తే పైపు లాగిపెట్టినట్టు ఉండిపోతుంది. అలాంటి పైపు కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత బ్రాకెట్ దగ్గర చీలుతుంది, లేదా హెడ్ దగ్గర లీకవుతుంది.

చివరగా ఆల్కహాల్‌తో పైపులన్నీ తుడవండి. క్రోమ్ మీద వేలిముద్ర ఉండగా ఇంజిన్ వేడెక్కితే ఆ ముద్ర శాశ్వతంగా ఉండిపోతుంది.

5. ఎయిర్ క్లీనర్ మార్చండి.

పాత కవరు, ఫిల్టరు, బ్యాక్‌ప్లేట్ తీసిన వెంటనే థ్రాటిల్ బాడీ నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కండి. ఒక వాషర్ లోపల పడితే ఇంజిన్ విప్పాల్సిందే. గుడ్డ తీయడం మర్చిపోకుండా దాని కొస బయటికి వేలాడనివ్వండి.

చాలా వీ-ట్విన్ ఇంజిన్లలో (వీ ఆకారంలో రెండు సిలిండర్లున్నవి) క్రాంక్‌కేస్ (ఇంజిన్ కింది గది) ఆవిరి హెడ్ల నుంచి బ్రీదర్ బోల్టుల గుండా ఎయిర్ క్లీనర్‌లోకి వస్తుంది. ఈ బోల్టుల ఓ-రింగులు కొత్తవే వేయాలి. ఒకటి వదిలేస్తే ఆయిల్ బయటికి చిమ్ముతుంది, లేదా గాలి దొంగదారిన లోపలికి పోతుంది. బ్యాక్‌ప్లేట్‌కీ థ్రాటిల్ బాడీకీ మధ్య ఉండే సీల్ రింగు మడత పడలేదని వేలితో చుట్టూ తడిమి చూడండి.

స్క్రూలకు నీలం థ్రెడ్‌లాకర్ ఒక్క చుక్క వేసి, మాన్యువల్ చెప్పిన టార్క్‌తో బిగించండి. వీ-ట్విన్ కంపనానికి థ్రెడ్‌లాకర్ లేని స్క్రూ ఊడుతుంది, అదీ ఇంజిన్ పీల్చుకునే చోటే.

నూనె పట్టించే కాటన్ ఫిల్టర్ అయితే ఎక్కువ నూనె వేయొద్దు. మడతంతా పలచగా రంగు మారితే చాలు. కారేంత వేస్తే సెన్సర్‌కు అంటుకుని రీడింగు చెడిపోతుంది.

6. మ్యాప్ ఎక్కించండి.

రోడ్డు మీద మామూలు నడకలో ఓ2 సెన్సర్లు చూసి ఈసీయూ గాలి, పెట్రోలు పాళ్లను 14.7కు 1 దగ్గర ఉంచుతుంది. థ్రాటిల్ పూర్తిగా తెరిచినప్పుడు సెన్సర్ మాట పక్కన పెట్టి, మ్యాప్‌లో ఉన్న అంకె ప్రకారమే పోస్తుంది. అప్పుడు మంచి పవర్ 12.8 నుంచి 13.2 మధ్య వస్తుంది. గాలి పెంచి మ్యాప్ మార్చకపోతే, బండికి ఎక్కువ బలం కావాల్సిన చోటే పెట్రోలు పలచబడుతుంది. మూడూ కలిపే చేయాలని మొదట్లో చెప్పింది ఇందుకే.

బ్యాటరీని ముందు రోజే పూర్తిగా ఛార్జ్ చేసి, వోల్టేజీ 12.6 పైన ఉందో లేదో మల్టీమీటర్‌తో చూడండి. కీ ఆన్‌లో హెడ్‌లైట్ వెలిగే బండి అయితే, ట్యూనర్ సూచనలు ఒప్పుకుంటే దాని ఫ్యూజ్ తీయండి. ఫ్లాష్ మధ్యలో వోల్టేజీ పడిపోతే ఈసీయూ సగం రాతతో ఆగిపోతుంది.

ముందుగా ఒరిజినల్ మ్యాప్‌ను చదివించి రెండు చోట్ల దాచండి. తర్వాత మీ ఎయిర్ క్లీనర్‌కు, మీ సైలెన్సర్‌కు, మీ ఇంజిన్ సైజుకు రాసిన మ్యాప్ ఎంచుకోండి. మీ కలయికకు మ్యాప్ లేకపోతే దగ్గర్లో ఉన్నది వేసి "సర్దుకుంటుందిలే" అనుకోవద్దు. డైనో మీద ట్యూన్ చేయించండి. లాప్‌టాప్ వాడుతుంటే అది నిద్రలోకి పోకుండా సెట్టింగు మార్చండి. పని పూర్తయిందని తెర చెప్పేదాకా కీ, కేబుల్ ముట్టుకోవద్దు.

చాలా ట్యూనర్లు మొదటి ఫ్లాష్‌తోనే ఆ ఒక్క బండికి ముడిపడిపోతాయి. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికిందని కొనే ముందు అది ఇంకో బండికి లాక్ అయి ఉందేమో అడగండి.

ఓ2 సెన్సర్ తీగకో, గాలి ఉష్ణోగ్రత సెన్సర్‌కో రెసిస్టర్ తగిలించి "పవర్ చిప్" అని అమ్మేవి కొనొద్దు. అవి ఈసీయూకి అబద్ధం చెబుతాయి తప్ప ఇంజిన్‌కి ఏం కావాలో వాటికి తెలియదు.

7. మొదటి స్టార్టు.

స్టార్ట్ చేసి రేజ్ చేయకుండా రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లో ఉంచండి. పైపుల మీద మిగిలిన నూనె కాలి మొదట్లో పలచని పొగ రావచ్చు, అది పోతుంది. పావుగంట దాకా నిలిపి ఉంచి చూడాలన్న ముచ్చట వద్దు. గాలి తగలని క్రోమ్ పైపు నీలం రంగులోకి తిరిగేది ఇలాంటప్పుడే.

చల్లటి ఇంజిన్ మీదే కీళ్ల దగ్గర సబ్బునీళ్లు చల్లి, స్టార్ట్ చేసి బుడగలు చూడండి. లీకు సెన్సర్‌కు ముందు ఉంటే బయటి గాలి పైపులోకి చొరబడుతుంది. సెన్సర్ దాన్ని "పెట్రోలు తక్కువ"గా చదువుతుంది, ఈసీయూ అనవసరంగా పెట్రోలు పెంచుతుంది. మైలేజీ పడిపోవడం, థ్రాటిల్ వదిలినప్పుడు టపటప పేలడం రెండూ కనపడితే ముందు ఇక్కడే వెతకండి.

ఇన్‌టేక్ వైపు లీకు అనుమానం ఉంటే ఐడిల్‌లో సీలు చుట్టూ సన్నగా నీళ్ల తుంపర కొట్టండి. ఐడిల్ మారితే దొంగ దొరికినట్టే. కార్బ్ క్లీనర్ వేడి పైపు పక్కన కొట్టొద్దు, అంటుకుంటుంది.

పూర్తిగా చల్లారాక క్లాంపులు, బ్రాకెట్లు మళ్లీ టార్క్ రెంచ్‌తో చూడండి. మొదటి వేడికి గాస్కెట్ కాస్త కుదించుకుపోతుంది.

8. మొదటి నడక.

ముప్పై నలభై కిలోమీటర్లు వేగాలు మారుస్తూ నడపండి. చాలా ఈసీయూలు స్థిరమైన వేగాల దగ్గర తమ సవరణలు నేర్చుకుంటాయి, అందుకే మొదటి పది కిలోమీటర్లకే తీర్పు ఇవ్వొద్దు. బరువు మీద, తక్కువ ఆర్‌పీఎంలో థ్రాటిల్ తెరిచినప్పుడు గవ్వలు ఆడించినట్టు శబ్దం వస్తే అది నాకింగ్, అంటే సిలిండర్‌లో పెట్రోలు అదుపు తప్పి పేలడం. వెంటనే థ్రాటిల్ తగ్గించి, ఇంటికి నెమ్మదిగా తెచ్చి పెట్రోలు ఆక్టేన్, మ్యాప్ రెండూ సరిచూడండి. నాకింగ్‌తో నడిపితే పిస్టన్ పోతుంది.

ఫలితం ఎలా తేల్చుకోవాలి

మొదటి అడుగులో చేసిన కొలత అచ్చం అలాగే మళ్లీ చేయండి. స్టేజ్ 1కు టార్క్‌లో 5 నుంచి 10 శాతం దాకా పెరుగుదల మామూలు. అంతకంటే చాలా ఎక్కువ చూపిస్తే ఆనందపడే ముందు డైనో షీటు మూల చూడండి. అక్కడ కరెక్షన్ (ఆనాటి వాతావరణాన్నిబట్టి చేసే సవరణ) ఎస్‌ఏఈ అనో ఎస్‌టీడీ అనో ఉంటుంది. ఎస్‌టీడీ లెక్క దాదాపు 4 శాతం ఎక్కువ చూపిస్తుంది. ముందు ఎస్‌ఏఈలో, తర్వాత ఎస్‌టీడీలో తీస్తే కిట్‌లో లేని పవర్ కాగితం మీద పుడుతుంది. ఒకే డైనో, ఒకే గేరు, ఒకే కరెక్షన్ ఉండాలని పట్టుబట్టండి. బ్రోషర్‌లో క్రాంక్ దగ్గర చెప్పిన అంకెను వెనక చక్రం దగ్గర కొలిచిన అంకెతో పోల్చడం కూడా ఇలాంటి తప్పే.

గ్రాఫ్‌లో శిఖరం కాదు, 2,000 నుంచి 3,500 మధ్య గీత చూడండి. మీరు నడిపేది అక్కడే. శిఖరం పెరిగి ఆ మధ్యలో గుంట పడితే కిట్ మీకు పనికిరాలేదని అర్థం. సైలెన్సింగ్ లేని తిన్నటి పైపులతో తరచూ ఇలాగే జరుగుతుంది. బయటికి పోయిన వాయువు అల తప్పు సమయంలో వెనక్కి తిరిగొచ్చి, లోపలికి వస్తున్న కొత్త గాలి-పెట్రోలు మిశ్రమాన్ని పాడుచేస్తుంది. అదే రెండు పైపులు ఒకటిగా కలిసే సిస్టమ్ మధ్య ఆర్‌పీఎంలో బాగా లాగుతుంది, చూడ్డానికి పొడవాటి జంట పైపుల అందం లేకపోయినా.

ట్యూనర్‌లో లాంగ్ టర్మ్ ట్రిమ్ (ఈసీయూ నేర్చుకున్న పెట్రోలు సవరణ) చూపించే వీలుంటే చూడండి. ప్లస్ మైనస్ 5 శాతం లోపల ఉంటే మ్యాప్ సరిపోయింది. ఒక సిలిండర్ ప్లస్ వైపు, ఇంకోటి మైనస్ వైపు దూరంగా పోతే లీకు, లేదా సెన్సర్లు తారుమారు.

ఎయిర్ క్లీనర్ కింద ఆయిల్ చుక్కలు కనపడితే ముందు ఆయిల్ లెవెల్ చూడండి, మాన్యువల్ చెప్పిన భంగిమలో, చెప్పిన వేడిలో. చాలామంది చల్లటి ఇంజిన్‌లో గీత దాకా నింపేస్తారు. ఎక్కువైన ఆయిల్ బ్రీదర్ గుండా ఫిల్టర్‌లోకే వస్తుంది.

స్టేజ్ 2కి వెళ్లాలనుకుంటే

ముందు క్యామ్ సంగతి. కేటలాగులో టార్క్ క్యామ్, పవర్ క్యామ్ అని రెండుంటాయి. ఇన్‌టేక్ వాల్వు తొందరగా మూసుకునే క్యామ్ కింది ఆర్‌పీఎంలో బలం ఇస్తుంది, ఆలస్యంగా మూసుకునేది పైన ఇస్తుంది. మిల్వాకీ-ఎయిట్ లాంటి ఇంజిన్ రెడ్‌లైన్ 5,500 దగ్గరే. ఎక్కువ సమయం 3,000 కింద నడిపే మనిషికి పవర్ క్యామ్ వేస్తే, రోజూ వాడే చోట తగ్గి, ఎప్పుడో వెళ్లే చోట పెరుగుతుంది. వెనక సీటు, సామాను, దూర ప్రయాణాలు ఉన్నవాళ్లు టార్క్ క్యామ్ తీసుకోండి. ఒక్కరే నడుపుతూ గేరు చివరిదాకా లాగే అలవాటున్న తేలికబండికి పవర్ క్యామ్ బాగుంటుంది.

క్యామ్ పెట్టె తెరిచినప్పుడే లోపలి క్యామ్ బేరింగు, పుష్‌రాడ్ (క్యామ్ కదలికను వాల్వుల వైపు చేర్చే కడ్డీ) గొట్టాల ఓ-రింగులు, గాస్కెట్లు మార్చేయండి. లిఫ్టర్లు (క్యామ్‌కూ పుష్‌రాడ్‌కూ మధ్య ఉండేవి) ఎక్కువ తిరిగినవైతే అవీ మార్చాలి. ఈ చిన్న భాగాలకోసం మళ్లీ అదే పని చేయడం చాలా చేదు.

అడ్జస్టబుల్ పుష్‌రాడ్ల దగ్గర జాగ్రత్త. సిలిండర్‌ను కంప్రెషన్ టాప్ డెడ్ సెంటర్‌కు (వాల్వులు మూసుకుని పిస్టన్ పై కొసకు చేరిన చోటికి) తెచ్చి, రాడ్ ఆట పోయేదాకా పొడిగించి, అక్కడి నుంచి కిట్ చెప్పినన్ని చుట్లు తిప్పండి. చుట్ల సంఖ్య మర పిచ్‌ను బట్టి కంపెనీకొకలా ఉంటుంది. తర్వాత ఇంజిన్ తిప్పకుండా ఆగండి. లిఫ్టర్‌లోని ఆయిల్ కారి, రాడ్ వేళ్లతో తిరిగేదాకా పది ఇరవై నిమిషాలు పట్టొచ్చు. ఆగకుండా తిప్పితే వాల్వు తెరుచుకునే ఉండి పిస్టన్‌కు తగలవచ్చు. తిరిగాకే రెండో సిలిండర్‌కు పోండి. మొదటిసారి స్టార్టర్ నొక్కే ముందు ప్లగ్గులు తీసి, ఇంజిన్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి చూడాలి. ఎక్కడైనా గట్టిగా తగిలితే ఆపి మళ్లీ సరిచూడండి.

టార్క్ పెరిగితే క్లచ్ తట్టుకోవాలి. టాప్ గేర్‌లో 2,500 దగ్గర థ్రాటిల్ పూర్తిగా తెరవండి. ఆర్‌పీఎం ఒక్కసారి పైకి లేచి స్పీడు లేవకపోతే క్లచ్ జారుతోంది, గట్టి స్ప్రింగు వేయాలి. స్టేజ్ 3కి ఇది దాదాపు తప్పదు. అక్కడ కంప్రెషన్ కూడా పెరుగుతుంది కాబట్టి ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు, బలమైన బ్యాటరీ లెక్కలో వేసుకోండి. కొత్త పిస్టన్ రింగులకు కిట్‌తో వచ్చిన రన్-ఇన్ కాగితం ప్రకారమే నడపాలి.

ఆ తర్వాత

800 కిలోమీటర్లకు ఒకసారి ఎగ్జాస్ట్ క్లాంపులు, ఎయిర్ క్లీనర్ స్క్రూలు, హీట్ షీల్డులు మళ్లీ చూడండి. కీళ్ల దగ్గర నల్లటి మసి గీత ఉంటే అక్కడ లీకు ఉన్నట్టే.

విప్పిన పాత సైలెన్సర్, ఎయిర్ క్లీనర్, ఒరిజినల్ మ్యాప్ ఫైలు అమ్మేయొద్దు, పారేయొద్దు. తనిఖీకి, వారంటీ తగాదాకు, బండి అమ్మేటప్పుడు అవి కావాలి. సర్వీస్‌కు ఇచ్చేటప్పుడు బండికి మార్చిన మ్యాప్ ఉందని జాబ్ కార్డు మీద రాయించండి. వర్క్‌షాపులో మామూలుగా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తే మీ మ్యాప్ చెరిగి ఫ్యాక్టరీదే వచ్చి కూర్చుంటుంది. సర్వీస్ నుంచి తెచ్చిన బండి ఉన్నట్టుండి మళ్లీ మందంగా, వేడిగా అనిపిస్తే ఇంజిన్ విప్పకముందు ట్యూనర్ తగిలించి లోపల ఏ మ్యాప్ ఉందో చూడండి.